ఒక్క బొమ్మ ముందే అరగంట

నిన్న ఎగ్జిబిషన్‌లో ఒక ఆయిల్ పెయింటింగ్ ముందే అరగంట పైన ఉండిపోయాను. ఎదురుగా చూస్తే మామూలు చెరువు గట్టు. పక్కకు జరిగి, లైటు ఏటవాలుగా పడే చోటి నుంచి చూశాను. రంగు మందంగా పేరుకుని, కుంచె వెంట్రుకల చారలు కూడా కనిపిస్తున్నాయి. ఫోన్‌లో ఎంత జూమ్ చేసినా ఇది దొరకదు.

బయటికొచ్చాక నలుగురం మెట్ల మీద కూర్చుని ఎవరికి ఏ చిత్రకారుడు ఇష్టమో చెప్పుకున్నాం. నాకు ఫ్రెంచ్ చిత్రకారుడు క్లోడ్ మోనే. ఆయనకు కళ్లలో శుక్లాలున్నాయని 1912లో తేలింది, ఆపరేషన్ మాత్రం 1923లో గానీ చేయించుకోలేదు. చూపు బాగా మసకబారిన ఆ రోజుల్లో వేసిన తోట బొమ్మల్లో ఎరుపులు, గోధుమ రంగులు ముదిరిపోయాయి. ఆ తోటలోని వంతెన ఎక్కడుందో వెతుక్కోవాలి! అందరూ మెచ్చుకునే, ఆయన అంతకుముందు వేసిన కలువల బొమ్మల కన్నా నాకు ఇవే ఎక్కువ ఇష్టం. కనిపించీ కనిపించని దాన్ని వదలకుండా గీస్తూనే ఉన్నాడు ఆ మనిషి.

ఒకరు వెర్మీర్ అన్నారు. ఇంకో స్నేహితురాలు అమృతా షేర్‌గిల్ పేరు చెప్పింది. 28 ఏళ్లకే పోయిన మనిషి. ఆమె ఎరుపుల గురించి తను చెబుతుంటే, ఇన్నాళ్లూ నేను వాటిని సరిగా చూడనేలేదని తెలిసింది. రాత్రి చాలాసేపు ఆ బొమ్మలే చూస్తూ కూర్చున్నాను.

మీకు ఇష్టమైన చిత్రకారులెవరో చెప్పండి. పేరొక్కటే కాదు, ఏ బొమ్మలో ఏ మూల మిమ్మల్ని ఆపేసిందో కూడా.