మళ్లీ పాడుతున్నాను

"ఇంకా పాడతావా అన్నా?" అని అడిగిన వాళ్లందరికీ చెప్తున్నా, పాడుతున్నాను. మొన్న మన నల్గొండ జిల్లా చెరువుగట్టు జాతరలో పాడాను.

నార్కట్‌పల్లి దగ్గర హైవే మీద జరిగిన యాక్సిడెంట్‌లో ఎడమ భుజం, పక్కటెముకలు విరిగాయి. ఎముకలు అతుక్కున్నాయి కానీ దమ్ము రాలేదు. పక్కటెముక విరిగితే గట్టిగా గాలి పీల్చాలన్నా నొప్పే. మన పాటకేమో గుక్క తిప్పుకోకుండా చరణం లాగాలి. ఊపిరితిత్తుల ఎక్సర్‌సైజ్‌కి మూడు బంతులున్న ప్లాస్టిక్ డబ్బా ఇచ్చారు. పైపుతో గాలి పీలిస్తే బంతులు పైకి లేవాలి. మొదట్లో ఒక్కటీ సరిగ్గా లేవలేదు. అమ్మ పక్కనే కూర్చుని "ఇంకొంచెం బిడ్డా" అనేది. మూడోది లేచిన రోజు కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

డప్పు మాత్రం ఇంకా కుదరడం లేదు. బరువంతా ఎడమ భుజం మీదే కదా. డప్పు కొట్టే పుల్లలు, చిర్ర, సిటికెన పుల్ల, ఇప్పుడు తమ్ముడి చేతిలో ఉన్నాయి. వాడి దరువు బాగుంది, నిజంగా.

మారింది నేను పాట రాసే తీరు. మర్రిగూడ వైపు మా పెద్దమ్మ ఉంటుంది. ఫ్లోరైడ్ నీళ్లకు నడుము వంగిపోయింది. ఇన్నేళ్లు పాటలు కట్టినా ఆమె మీద ఒక్క పాట తట్టలేదు. యాక్సిడెంట్ తర్వాత నేను మంచం మీంచి లేవడానికి గోడ పట్టుకున్నప్పుడు, ఆమె రోజూ ఎట్లా లేస్తుందో నా ఒంటికి తెలిసింది. జాతరలో మొదట పాడింది ఆ పాటే.

శివరాత్రికి ఇంకో ఊరివాళ్లు పిలిచారు. పెద్దమ్మ పాటకు ఇంకో చరణం కావాలి, రాస్తున్నాను.