పింగ్‌కు అందని సంగతులు: ఎస్ఎన్ఎంపీతో వైఫై యాక్సెస్ పాయింట్ల పర్యవేక్షణ

హన్మకొండ పరిసరాల్లోని ఒక ఇంజినీరింగ్ కళాశాలలో నెట్‌వర్క్ చూసుకోవడం నా ఉద్యోగం. చాలా కళాశాలల్లో యాక్సెస్ పాయింట్ల (వైఫై సిగ్నల్ ఇచ్చే పెట్టెల) పర్యవేక్షణ అంటే, ప్రతి పెట్టెకూ పింగ్ (ఉన్నావా అని అడిగే చిన్న సందేశం) పంపి జవాబు వచ్చిందో లేదో చూసుకోవడంతోనే సరిపోతోంది. తెర మీద అన్ని చుక్కలూ పచ్చగానే ఉంటాయి గానీ, రాత్రి తొమ్మిది దాటాక హాస్టల్ నుంచి "సార్, సిగ్నల్ ఫుల్లుగనే ఉంది, ఏదీ ఓపెన్ అయితలేదు" అని ఫోను వస్తుంది. రెండూ నిజమే. పింగ్ తీగ వైపు నుంచి వెళ్లి పెట్టెను పలకరించి వస్తుంది, విద్యార్థి ఉన్నది రేడియో వైపు. ఆ రెండో వైపు ఏం జరుగుతోందో కొలవని పర్యవేక్షణను పర్యవేక్షణ అనడానికి నాకు మనసొప్పదు.

ఆ కొలతలకు మార్గం ఎస్ఎన్ఎంపీ, అంటే నెట్‌వర్క్ పరికరాలను వాటి వివరాలు అడిగే పద్ధతి. 1988 నుంచి వాడుకలో ఉన్న ఈ ప్రోటోకాల్‌లో పరికరం తన వివరాలను ఒక చెట్టులా అమర్చుకుంటుంది. ప్రతి వివరానికీ ఓఐడీ అనే అంకెల చిరునామా ఉంటుంది. యూడీపీ 161వ పోర్టులో (ప్రశ్నలు అందుకునే తలుపు నంబరు) ఆ చిరునామా అడిగితే విలువ చెబుతుంది. కేబుల్ పెట్టే పోర్టు వేగం, ట్రాఫిక్, పెట్టె ఎంతసేపటి నుంచి నడుస్తోంది వంటివన్నీ ప్రామాణిక శాఖల్లోనే దొరుకుతాయి. ఎందరు క్లయింట్లు (ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు) కలిశారు, ఛానల్ ఎంత నిండింది వంటి అసలు వైఫై సంగతులు మాత్రం చాలావరకు 1.3.6.1.4.1 కింద తయారీదారుల సొంత శాఖల్లో ఉంటాయి. ఆ తర్వాతి అంకె సిస్కోకు 9, మైక్రోటిక్‌కు 14988, యూబిక్విటీకి 41112. అందుకే తయారీదారు ఇచ్చే ఎంఐబీ ఫైలును (ఏ ఓఐడీ దేనిదో చెప్పే పట్టికను) ముందుగా లిబ్రెఎన్ఎంఎస్, జాబిక్స్ లాంటి పర్యవేక్షణ సాఫ్ట్‌వేర్‌లో చేర్చుకోవాలి. పెట్టెలన్నిటినీ ఒకే చోటు నుంచి నడిపే కంట్రోలర్ ఉన్న చోట ఈ వివరాలను సాధారణంగా కంట్రోలర్‌నే అడగాలి.

నన్నడిగితే వీటన్నిటిలోకీ విలువైన అంకె ఛానల్ యుటిలైజేషన్, అంటే ఛానల్ ఎంత శాతం సమయం నిండి ఉందో చెప్పేది. గాలిలో ఒక ఛానల్‌పై ఒక సమయంలో ఒక్కరే మాట్లాడగలరు. కాజీపేట ఔటర్‌లో ఆగిన రైలులాగా మిగతావారంతా దారి ఖాళీ అయ్యేదాకా ఎదురుచూడాల్సిందే, సిగ్నల్ ఎంత బలంగా ఉన్నా. మా హాస్టల్‌లో 2.4 గిగాహెర్ట్జ్ రేడియోల గ్రాఫ్ గీయించినప్పుడు రాత్రి రద్దీ కంటే తెల్లవారుజాము నాలుగింటి గీతే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది. క్లయింట్లు దాదాపు లేరు, ట్రాఫిక్ లేదు, అయినా ఛానల్ నలభై శాతం నిండి ఉంది. దాన్ని నింపుతున్నది బీకన్లు, అంటే వైఫై తన ఉనికిని చాటే ప్రకటనలు. ఒక్కో ఎస్ఎస్ఐడీ (ఫోనులో కనబడే వైఫై నెట్‌వర్క్) తన పేరును సెకనుకు దాదాపు పదిసార్లు ప్రకటిస్తుంది. కనిష్ఠ వేగాన్ని 1 ఎంబీపీఎస్ దగ్గరే వదిలేస్తే 300 బైట్ల బీకన్ ఒక్కటే గాలిని 2.4 మిల్లీసెకన్లకు పైగా ఆక్రమిస్తుంది. సిబ్బందికొకటి, విద్యార్థులకొకటి, అతిథులకొకటి, పరీక్షలకొకటి అంటూ పేర్లు పెరిగి, 1, 6, 11 అనే మూడు ఛానళ్లనే అన్ని పెట్టెలూ పంచుకునే చోట, ఒకే ఛానల్‌పై ఒకదాని మాట ఒకదానికి వినబడే పెట్టెలు నాలుగుంటే ఆ లెక్క ఎక్కడికి పోతుందో ఊహించవచ్చు. అక్కరలేని ఎస్ఎస్ఐడీలను తీసేసి, 1, 2, 5.5 వేగాలను ఆపించి, కొన్ని పెట్టెల్లో 2.4 రేడియోనే కట్టేశాక తెల్లవారుజాము గీత బాగా కిందికి దిగింది. కొత్త పరికరం ఒక్కటీ కొనాల్సిన అవసరం రాలేదు.

తీగ వైపు కూడా పింగ్‌కు కనబడనివి ఉన్నాయి. మా దగ్గర కోతుల బెడద అందరికీ తెలిసిందే. డాబా మీదుగా పోయే కేబుల్‌ను అవి కొరికినప్పుడు లింకు పూర్తిగా తెగిపోదు, నాలుగు జతల్లో ఒకటి పోతుంది. గిగాబిట్‌కు నాలుగు జతలూ కావాలి, 100 ఎంబీపీఎస్‌కు రెండు చాలు కనుక స్విచ్ చాలాసార్లు చప్పుడు చేయకుండా కింది వేగానికి దిగిపోతుంది. యాక్సెస్ పాయింట్ ఉన్న ఏ పోర్టులోనైనా ఐఎఫ్‌హైస్పీడ్ (ఎంబీపీఎస్‌లో పోర్టు వేగం) విలువ 1000 నుంచి 100కు పడితే హెచ్చరిక పంపమని ఒక్క నియమం పెడితే, ఫిర్యాదు రాకముందే కేబుల్ మార్చవచ్చు. మే నెల గాలిదుమారాల తర్వాత సిస్‌అప్‌టైమ్ (పెట్టె ఎంతసేపటి నుంచి నడుస్తోందో చెప్పే విలువ) చూడటం కూడా మంచి అలవాటు. ఒక భవనంలోని పెట్టెలన్నీ ఒకేసారి మళ్లీ మొదలైతే కరెంటు సంగతి, ఒక్కటే మాటిమాటికీ మొదలవుతుంటే కేబుల్ లేదా పీఓఈ (కేబుల్ గుండానే అందే కరెంటు) సంగతి అనుకుని వెతకవచ్చు. సెకనులో వందో వంతుల్లో లెక్కించే ఈ 32 బిట్ల విలువ 497 రోజులకు తానే సున్నాకు వస్తుందని గుర్తుంచుకోవాలి.

ట్రాఫిక్ లెక్కింపులోనూ ఇదే చిక్కు ఉంది. 32 బిట్ల బైట్ల కౌంటర్ గిగాబిట్ పోర్టులో పూర్తి వేగంతో 34 సెకన్లకే నిండి మళ్లీ మొదటికొస్తుంది. అయిదు నిమిషాలకొకసారి అడిగే సాధనానికి ఎన్నిసార్లు తిరిగిందో తెలిసే దారి లేదు, గ్రాఫ్ మాత్రం నమ్మదగినట్టే కనబడుతుంది. 64 బిట్ల ఐఎఫ్‌హెచ్‌సీ కౌంటర్లనే వాడాలి, అవి ఎస్ఎన్ఎంపీ మొదటి వెర్షన్‌లో రావు.

భద్రత విషయంలో రాజీ పడకూడదని నా అభిప్రాయం. ఎస్ఎన్ఎంపీ వీ2సీ వెర్షన్‌లో కమ్యూనిటీ స్ట్రింగ్ (సంకేతపదం) తీగ మీద తెరిచిన ఉత్తరంలా పోతుంది. మన ల్యాబుల్లోనే వైర్‌షార్క్ (తీగ మీద పోయే డేటాను చదివే సాధనం) నేర్పుతున్నాం, ఆ తెలివి ఉన్న విద్యార్థికి "పబ్లిక్" అనే సంకేతపదం పట్టడానికి నిమిషం చాలు. వీ3లో ధృవీకరణ, సంకేతీకరణ రెండూ పెట్టి, చదివే హక్కు మాత్రమే ఇచ్చి, పర్యవేక్షణ సర్వర్ చిరునామా నుంచే ప్రశ్నలు అందేలా కట్టడి చేయాలి. రాసే హక్కు ఉన్న స్ట్రింగ్ ఒక్కటి బయటికి పోయినా పరికరం చేయిదాటిపోయినట్టే.

కొత్త పెట్టె గోడకెక్కిన రోజే సిస్‌లొకేషన్ నింపడం మా దగ్గర ఇప్పుడు నియమం. "బి హాస్టల్, రెండో అంతస్తు, ఉత్తరం మెట్ల పక్కన" అని అందులో రాసి ఉంటే, అర్ధరాత్రి హెచ్చరిక అందుకున్న ఎలక్ట్రీషియన్ నన్ను నిద్రలేపి దారి అడగాల్సిన పని ఉండదు, నిచ్చెనతో నేరుగా అక్కడికే వెళ్తాడు.