బీచ్ రోడ్డు ఫ్లాటు, ఆనందపురం స్థలం

ఆదివారం, రాత్రి

పొద్దున బీచ్ రోడ్డులో ఫ్లాటు చూసి వచ్చాం. అయిదో అంతస్తు, 1,500 అడుగులు, మూడు పడకగదులు. బాల్కనీలో అడుగుపెడితే ఎదురుగా అడ్డం లేకుండా సముద్రం. దూరంగా రేవులోకి వెళ్ళడానికి ఆగి ఉన్న ఓడలు. మా ఆయన రెయిలింగ్ పట్టుకుని నిలబడి చాలాసేపు మాట్లాడలేదు. ఉద్యోగానికి వైజాగ్ వచ్చిన కొత్తలో కంచరపాలెంలో ఒక్క గదిలో అద్దెకున్నాం. రిటైరయ్యాక సముద్రం కనిపించే ఇంట్లో ఉందాం అని అప్పట్నుంచీ అంటూనే ఉన్నారు. ఆ కోరిక ఎంత పాతదో తెలుసు కాబట్టే లెక్కలు ఎత్తడానికి నాకు నోరు రాలేదు.

ఆయన చెయ్యి తీశాక చూస్తే అరచేతికి తుప్పు అంటుకుని ఉంది. కిటికీ బందులు బిగుసుకుపోయాయి. బాల్కనీ పైకప్పులో ఒకచోట సిమెంటు పెచ్చు ఊడి లోపలి చువ్వ కనబడుతోంది. "ఉప్పుగాలి కదమ్మా, ఇనుం ఆగదు. ఏసీ బయట పెట్టెలు మూడు నాలుగేళ్ళకే పోతాయి" అన్నాడు వాచ్‌మన్. ఏసీ పోతే కొత్తది కొనుక్కోవచ్చు. నా భయం ఆ చువ్వ గురించి. ఉప్పు కాంక్రీటులోకి ఇంకితే చువ్వ తుప్పు పడుతుంది, తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, ఆ ఉబ్బుకి కాంక్రీటు పగులుతుంది, ఆ పగుళ్ళలోంచి ఇంకా ఉప్పు దిగుతుంది. బిల్డింగ్‌కి పదిహేనేళ్ళే.

2021 జూన్ 24న ఫ్లోరిడాలోని సర్ఫ్‌సైడ్‌లో సముద్రపొడ్డున ఉన్న 12 అంతస్తుల భవనం రాత్రివేళ కూలి 98 మంది చనిపోయారు. అది కట్టి 40 ఏళ్ళు. కాంక్రీటు దెబ్బతిందని ఇంజనీరు 2018లోనే రిపోర్టు ఇచ్చినా, రిపేరు ఖర్చు దగ్గర ఓనర్ల మధ్య వాదనలతో ఏళ్ళు గడిచిపోయాయి. అది గుర్తుండి అసోసియేషన్ సెక్రటరీ గారిని అడిగాను, పెద్ద రిపేర్లకి డబ్బేమైనా పక్కన పెట్టారా అని. ఏమీ లేదట. నెలనెలా కట్టే మెయింటెనెన్స్ లిఫ్టుకీ, వాచ్‌మన్‌కీ, నీళ్ళకీ సరిపోతుందట. అంటే రేపు స్తంభాలు బాగుచేయాల్సి వస్తే అందరి దగ్గరా వసూలు చేయాల్సిందే. సగం ఫ్లాట్ల ఓనర్లు బయట ఊళ్ళలో ఉన్నారు.

ఇక హుద్‌హుద్ తుఫాను సంగతి. 2014 అక్టోబరు 12 ఆదివారాన్ని ఈ ఊళ్ళో ఎవరు మర్చిపోతారు? సముద్రానికి దూరంగా సీతమ్మధారలో ఉన్న మేమే మంచాన్ని తలుపుకి అడ్డం పెట్టి కూర్చున్నాం. ఈ ఫ్లాటు హాలుకి సముద్రం వైపంతా అద్దాలే.

మధ్యాహ్నం భోజనాలయ్యాక కాగితం తీసుకుని కూర్చున్నాం. ధర కోటీ 40 లక్షలు. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి ఏడున్నర శాతం, అంటే మరో పదిన్నర లక్షలు. ప్రస్తుతం అద్దెకున్నవాళ్ళు ఇచ్చేది 28 వేలు. ఏడాదికి 3 లక్షల 36 వేలు. అందులో మెయింటెనెన్స్ నెలకి 5 వేలు తీసేస్తే 2 లక్షల 76 వేలు. పెట్టిన డబ్బు మీద రెండు శాతం కూడా రాదు. ఏడు శాతం వడ్డీకి ఎఫ్‌డీ వేస్తే ఒక్క కోటీ 40 లక్షల మీదే 9 లక్షల 80 వేలు. "అద్దె కోసం కాదే, రేటు పెరుగుతుంది కదా" అన్నారాయన.

పెరిగేది దేని రేటు అన్నదే నా ప్రశ్న. ఈ డబ్బు కోసం ఆనందపురంలో మనకున్న 200 గజాల స్థలం అమ్మాలి. ఫ్లాటుతో మనకొచ్చే భూమి వాటా 42 గజాలు. మిగతాదంతా గోడలు, ఏటేటా ఉప్పు తినే గోడలు. సముద్రం పోటు మీద నీళ్ళు వచ్చే గీత నుంచి 500 మీటర్ల లోపు సీఆర్‌జెడ్ నిబంధనలు, అంటే తీరంలో కట్టడాల మీద ఆంక్షలు ఉంటాయి కాబట్టి, రేపు బిల్డింగ్ పడగొట్టి కొత్తది కట్టుకుందామన్నా మన ఇష్టం ఒక్కటే చాలదు. మన కళ్ళముందే ఆర్కే బీచ్ ఎన్నిసార్లు కోసుకుపోయింది! హార్బర్ దగ్గర తవ్విన ఇసుక తెచ్చి పోస్తేనే కదా నిలబడుతోంది. ఆ స్థలం కొనడానికి నా గాజులు తాకట్టు పెట్టాం. అందుకే గట్టిగా చెప్పాను, భూమి అమ్మి కాంక్రీటు కొనడానికి నాకు మనసొప్పదని.

ఆయన ఏమీ అనకుండా లేచి వెళ్ళిపోయారు. నాకు చాలా బాధేసింది. ఆ తర్వాత పిండి రుబ్బుతుంటే తట్టింది: ఆ 28 వేలు కొనేవాళ్ళకి తక్కువే, కానీ అద్దెకి వెళ్ళేవాళ్ళకి? కోటిన్నర విలువైన సముద్రం 28 వేలకి! మన ఇల్లు అద్దెకిస్తే 18 వేలు వస్తాయి. పైన పదివేలు వేసుకుంటే చాలు.

టీ ఇస్తూ చెప్పాను. ముందు 11 నెలలు ఆ ఫ్లాటులో అద్దెకి ఉందాం, అక్టోబరు, నవంబరు తుఫాన్ల నెలలు కూడా అక్కడే గడుపుదాం, స్థలం జోలికి పోవద్దు అని. ఆయన కాసేపు ఆలోచించి, "తూర్పు వైపు గది మనకి కావాలి" అన్నారు. అద్దెకున్నవాళ్ళు ఎప్పుడు ఖాళీ చేస్తారో కనుక్కోవడానికి ఇప్పుడే బ్రోకర్‌కి ఫోన్ చేశారు. ఎత్తలేదు. రేపు పొద్దున మళ్ళీ చేస్తారట.