చెక్కపని గదికి ధూళి గొట్టాలు: ఇప్పటివరకు అయిన పని

ఇంటి వెనక రేకుల గదిలో టేకు కోస్తే మెత్తని పొడి చాలాసేపు గాలిలోనే తేలుతుంది. అది ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. చెక్క ధూళి క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధన విభాగం ఏనాడో తేల్చింది. అందుకే కొత్త రంపం కొనడం వాయిదా వేసి, ముందు యంత్రాల దగ్గర ధూళిని లాగేసే గొట్టాల పని పట్టుకున్నాను.

ప్రధాన గొట్టానికి మురుగునీటికి వాడే 110 మి.మీ. పీవీసీ పైపు వేశాను. 75 మి.మీ. పైపు చౌకే గానీ, లోపలి వైశాల్యం దీనిలో సగం కూడా ఉండదు. పొట్టు అడుగున పేరుకోకుండా కొట్టుకుపోవాలంటే గాలి సెకనుకు సుమారు 20 మీటర్ల వేగంతో పోవాలి. ఈ గొట్టంలో అంటే గంటకు దాదాపు 600 ఘనమీటర్లు. ఇంట్లో వాడే వాక్యూమ్ క్లీనర్ అంత గాలి లాగలేదు, పెద్ద ఫ్యానున్న డస్ట్ కలెక్టర్ కావాల్సిందే.

రబ్బరు రింగు పైపులే ఎంచుకున్నాను. జిగురు అక్కర్లేదు, యంత్రం చోటు మారితే విప్పి మళ్లీ బిగించవచ్చు. సాకెట్ (పక్క పైపు దూరే వెడల్పాటి చివర) నోరు ఎప్పుడూ యంత్రం వైపే ఉండాలి, లేకపోతే అతుకు అంచుకు పొట్టు తట్టుకుంటుంది. మూల తిరిగే చోట 90 డిగ్రీల బెండుకు బదులు రెండు 45లు, వాటి మధ్య చిన్న పైపు ముక్క పెట్టాను. ఒక్కో యంత్రానికి వెళ్లే శాఖలన్నీ T ఆకారపు అతుకుతో కాక Y ఆకారపు అతుకుతో, ఫ్యాను వైపు వాలుగా, ప్రధాన గొట్టానికి పక్కనుంచి కలిపాను. కిందినుంచి కలిపితే, వాడని శాఖలోకి పొట్టు రాలుతుంది. పొట్టు ఇరుక్కునే అవకాశమున్న మలుపులో డోర్ బెండు పెట్టడం నాకు బాగా నచ్చిన ఏర్పాటు: మూత విప్పితే చేయి దూరుతుంది.

అతుకుల్లో గాలి లీకు చూడటానికి చాలామంది అగరబత్తి వాడతారు. ధూళి ఉన్నచోట నిప్పు వద్దు. దూదిపోగు దగ్గర పెట్టినా చాలు, లీకుంటే లోపలికి లాగేస్తుంది. పీవీసీ మీద చేరే స్థిర విద్యుత్తు చేతికి కొడుతుంది కాబట్టి, గొట్టం పొడవునా బోసి రాగి తీగ చుట్టి ఎర్తుకు కలిపాను.

ఇక మిగిలింది ప్రతి శాఖకూ ప్లైవుడ్ జారుడు షట్టర్ చేయడం. వాడుతున్న యంత్రానిది ఒక్కటే తెరిస్తే లాగుడంతా అక్కడికే చేరుతుంది. రంపం దగ్గరి మడత గొట్టాన్ని మీటరు లోపలికి కుదించాలి, లోపలి ముడతలు గాలిని బాగా అడ్డుకుంటాయి. ఆ తర్వాత చిత్రిక యంత్రానికి శాఖ వేస్తాను.