ఎరువుల గోదాములో ఏది దేని పక్కన ఉండాలి?

ఎరువుల గోదాము భద్రత గురించిన చర్చ సాధారణంగా ఏ రసాయనం ఎంత ప్రమాదకరమన్న ప్రశ్న దగ్గరే ఆగిపోతుంది. నా దృష్టిలో అంతకంటే ముందు అడగవలసింది, ఏ బస్తా దేని పక్కన ఉంది, దాని చుట్టూ ఉన్న గోడలు దేనితో కట్టినవి అన్నది.

ఎరువుగా వాడే అమ్మోనియం నైట్రేట్ తనంతట తాను మండదు. కాని అది ఆక్సీకరణి, అంటే పక్కన ఏది మండుతున్నా ఆ మంటకు ఆక్సిజన్‌ను అందిస్తుంది. సుమారు 170 డిగ్రీల సెల్సియస్ వద్ద కరిగి, 210 డిగ్రీలు దాటాక విచ్ఛిన్నమయ్యే ఈ పదార్థంలో డీజిల్, గంధకం, రంపపు పొట్టు, జింక్ పొడి, క్లోరైడ్ లవణాల వంటివి కలిస్తే ప్రమాదం ఎన్నో రెట్లు పెరుగుతుంది. కరిగిన ద్రవం కాలువల్లోకో గుంటల్లోకో చేరి, బయటికి దారిలేక వేడెక్కితే పేలిపోవచ్చు.

2013 ఏప్రిల్ 17న అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో, వెస్ట్ అనే చిన్న పట్టణంలోని ఎరువుల కేంద్రంలో 15 మంది మరణించారు. వారిలో ఎక్కువమంది మంటలు ఆర్పడానికి వెళ్లినవారే. అక్కడ అమ్మోనియం నైట్రేట్‌ను చెక్క కట్టడంలో, చెక్క అరల్లో నిల్వ చేశారు. మంట సంగతి తెలిసిన దాదాపు 20 నిమిషాలకే అది పేలింది. కాంక్రీటు నేల, మండని గోడలు, ధారాళంగా గాలి ఆడే ప్రత్యేక గది ఎందుకు కావాలో చెప్పడానికి ఈ ఒక్క ఘటన చాలు.

రోజువారీ పనిలో నిర్లక్ష్యానికి గురయ్యేది నేల మీద ఒలికిన ఎరువు. దాన్ని వెంటనే ఊడ్చి వేరే డబ్బాలో పెట్టాలే తప్ప, దుమ్ము, నూనె మరకలు అంటిన ఆ గుళికలను తిరిగి కుప్పలో కలపకూడదు. ఒలికిన నూనెను పీల్చడానికి రంపపు పొట్టు చల్లే అలవాటును ఈ గదిలోకి అసలు రానివ్వకూడదు. ఫోర్క్‌లిఫ్టును పని ముగిశాక బయటే నిలపాలి. యూరియాను అమ్మోనియం నైట్రేట్‌కు దూరంగా, వేరుగా ఉంచాలి, ఎందుకంటే ఆ రెండూ కలిస్తే గాలిలోని తేమను విపరీతంగా పీల్చుకుని ముద్దవుతాయి. యూరియా పక్కన బ్లీచింగ్ పౌడర్ పెట్టడం ఇంకా పెద్ద తప్పు, ఆ కలయికలో పేలుడు స్వభావమున్న నైట్రోజన్ ట్రైక్లోరైడ్ పుట్టవచ్చు. గడ్డకట్టిన ఎరువును పేలుడు పదార్థంతో విడగొట్టే పద్ధతి 1921లో జర్మనీలోని ఒప్పావులో వందలమందిని బలిగొన్నది.

కొన్నిచోట్ల ఎరువుగా వాడే ద్రవ అమ్మోనియా విషయం వేరు. మైనస్ 33 డిగ్రీల వద్దే మరిగే ఆ ద్రవాన్ని నిలవచేసే ట్యాంకులకు ఇత్తడి, రాగి బిగింపులు పనికిరావు. కళ్లలో పడితే కనీసం 15 నిమిషాలు కడగడానికి నీరు చేతికందే దూరంలో ఉండాలి.

అమ్మోనియం నైట్రేట్ దగ్గర మంట పుడితే పొడి ఆర్పకాలు, కార్బన్ డయాక్సైడ్ పనిచేయవు. ఆక్సిజన్ ఆ పదార్థంలోనే ఉన్నప్పుడు గాలి తగలకుండా చేసి లాభమేముంది? మంట ఇంకా కుప్పను చేరకపోతే, దూరం నుంచి నీటిని కుమ్మరించాలి. చేరిందంటే, గోధుమరంగు పొగలు కనిపించాయంటే, మనుషులను ఖాళీ చేయించడమే సరైన పని. ఆ నిర్ణయం నిమిషాల్లో తీసుకోవాలి కాబట్టి, ఏ గదిలో ఏది ఎన్ని టన్నులు ఉందో తెలిపే పటం అగ్నిమాపక కేంద్రానికి ముందే చేరి ఉండాలి, సరుకు మారినప్పుడల్లా అదీ మారాలి.