సుస్తో: మెక్సికోలో నాకు పట్టిన దడుపు

2017 సెప్టెంబర్ 19, మధ్యాహ్నం 1:14. మెక్సికో సిటీలో మేముండే బిల్డింగ్ మూడో అంతస్తులో పప్పుకి తాలింపు పెడుతున్నాను. 1985లో అదే తారీఖున వచ్చిన పెద్ద భూకంపాన్ని తలుచుకుని ఏటా ఆ రోజు డ్రిల్ చేస్తారు. ఆ పొద్దున పదకొండింటికే అందరం కిందికి దిగి, కాసేపు మాట్లాడుకుని, మళ్లీ పైకొచ్చాం. రెండు గంటలు గడిచాక నిజంగానే నేల ఊగింది. సైరన్ వినపడేసరికే గోడలు కదులుతున్నాయి. స్టవ్ మీది మూకుడు జారి పడింది. నూనె నేల మీద పాకుతుంటే ఆవాలు ఇంకా చిటపటమంటూనే ఉన్నాయి. నేను పరిగెత్తలేదు. వంటింటి గుమ్మం పట్టుకుని బిగుసుకుపోయాను.

చిన్న దెబ్బ కూడా తగల్లేదు. వీధిలోకి వచ్చాక ఇంటి ఓనరమ్మ నా చేతిలో బొలీయో పెట్టింది. కోలగా, పైన కరకరలాడుతూ ఉండే బ్రెడ్ అది. "తిను మిహా, సుస్తోకి మంచిది" అంది. మిహా అంటే బిడ్డా అని. నోట్లో పెట్టుకోలేకపోయాను.

ఆ సాయంత్రం కూలిన ఒక బిల్డింగ్ దగ్గర జనం చేతులతోనే రాళ్లు తీస్తున్నారు. ఎవరో ఒకరు పిడికిలి పైకెత్తేవారు. వెంటనే అందరూ పిడికిళ్లు ఎత్తి నోరు మూసుకునేవాళ్లు, శిథిలాల కింద ఎవరైనా పిలుస్తున్నారేమో వినడానికి. వందలమంది నిలబడ్డ చోట అంత నిశ్శబ్దం నేనెప్పుడూ చూడలేదు. అది నాతోపాటే ఇంటికి వచ్చేసింది.

రెండు వారాలకి నిద్ర పట్టడం మానేసింది. వీధిలో లారీ వెళ్తే గుండె దడదడలాడేది. మంచం పక్కన గ్లాసుతో నీళ్లు పెట్టుకుని, అవి కదులుతున్నాయా అని రాత్రంతా చూసేదాన్ని. రెండు నెలల్లో ఏడు కిలోలు తగ్గాను. ఈసీజీ, థైరాయిడ్ అన్నీ నార్మల్. చివరికి సైకియాట్రిస్టు పీటీఎస్‌డీ అని, అంటే పెద్ద భయం తర్వాత మనసుని వదలకుండా పట్టుకునే జబ్బు అని చెప్పి సెర్‌ట్రాలిన్ మాత్రలు రాశారు. కొద్దికొద్దిగా నిద్ర పట్టింది కానీ వంటింటి గుమ్మం దాటాలంటే మాత్రం కాళ్లు ఆడేవి కావు. మా ఆయనే వండేవారు.

ఆ రోజుల్లోనే తెలిసినవాళ్లు నన్నొక మంత్రగాడి దగ్గరికి తీసుకెళ్లారు. నా మీద ఎవరో అసూయతో చేతబడి చేయించారని, విరగ్గొట్టడానికి పదిహేను వేల పెసోలు అవుతుందని అన్నాడు. డబ్బివ్వలేదు, కానీ ఆ మాట మనసులో పడిపోయింది. ఎవరు చేయించి ఉంటారా అని ఆఫీసులో మనుషుల మొహాలు చూడటం మొదలుపెట్టాను. జబ్బుతో ఉన్న మనిషికి శత్రువుని చూపించడం కంటే పాపం ఉండదు.

ఓనరమ్మకి తెలిసి కోప్పడింది. "అతను బ్రూహో. నీకు కావాల్సింది కురాందేరా" అంది. ఒకరు మంత్రగాడు, ఇంకొకరు వైద్యం చేసే మనిషి. అక్కడి జనానికి ఆ తేడా బాగా తెలుసు. "నీకున్నది సుస్తో" అని కూడా చెప్పింది. మన సుస్తీలాగే వినపడింది కానీ అసలు అర్థం దడుపు. హఠాత్తుగా భయపడితే మనిషిలోని ఒక భాగం విడిపోయి ఆ చోటే ఉండిపోతుందని నమ్మకం. మెక్సికో మూలవాసులైన నహువా జనం దాన్ని తొనాల్లి అంటారు, తలలో ఉండే ప్రాణశక్తి.

నాకు తెనాలి గుర్తొచ్చింది. చిన్నప్పుడు కుక్క వెంటపడితే దడుపు జ్వరం వచ్చింది. నానమ్మ మసీదు దగ్గరికి తీసుకెళ్లి ఊదించింది, తాయెత్తు కట్టించింది.

కురాందేరాతో వైద్యం చేయించుకోవచ్చా అని సైకియాట్రిస్టుని అడిగాను. ఆయన తేలిగ్గా తీసుకోలేదు. మానసిక జబ్బుల వివరాలుండే, అమెరికా మానసిక వైద్యుల డీఎస్ఎం పుస్తకంలోనే సుస్తో పేరుందన్నారు. "పొగ వేయించుకోండి, గుడ్డు తిప్పించుకోండి. ఏ పొడి ఇచ్చినా మింగకండి, మాత్రలు ఆపకండి." కడుపులో తిండి అంటుకుపోయిందని పిల్లలకి పట్టించే ఆసార్కోన్, గ్రేతా అనే పొడులు నిజానికి సీసమేనట.

సొనోరా మార్కెట్‌లో మూలికలు కొన్నాం. 1957లో కట్టిన ఆ మార్కెట్‌లో సదాపాకు, రోజ్‌మేరీ, పిరూల్ కొమ్మలు మోపులు మోపులుగా ఉంటాయి. పక్కనే దేవతల బొమ్మలు, రంగురంగుల కొవ్వొత్తులు. మంగళవారం నాడు కురాందేరా వచ్చింది, పెద్దావిడ. డెబ్బై దాటాయి. సామాను కింద పెట్టకముందే అడిగింది, "ఎక్కడ భయపడ్డావు?" అని.

ఎప్పటినుంచి, రోజుకి ఎన్నిసార్లు, ఎంతసేపు అని నన్ను చాలామంది అడిగారు. ఎక్కడ అని అడిగింది ఆవిడొక్కతే. గుమ్మం చూపించాను. అక్కడే పీట వేసింది. కోపాల్ సాంబ్రాణి పొగ వేసి, కొమ్మల కట్టతో తల నుంచి పాదాల దాకా దులిపింది. పచ్చి గుడ్డుతో ఒళ్లంతా శిలువలు గీస్తూ ప్రార్థన చదివింది. "మీ అమ్మ నిన్నేమని పిలుస్తుంది?" అని అడిగి, గుమ్మం వైపు తిరిగి పిలిచింది. "చిన్నీ, వెంతె. నో తె కేదెస్." చిన్నీ, వచ్చేయ్, అక్కడే ఉండిపోకు. మూడుసార్లు. మూడోసారికి నేను వెక్కివెక్కి ఏడ్చాను. భూకంపం తర్వాత ఏడవడం అదే మొదటిసారి.

గుడ్డుని గ్లాసు నీళ్లలో పగలగొట్టింది. తెల్లసొనలోంచి సన్నటి దారాలు పైకి లేచాయి. వాటిని చూసి ఆవిడ ఏదో చెప్పింది, నాకు సరిగ్గా అర్థం కాలేదు. నేను చూస్తున్నది నీళ్లని. కదలడం లేదు.

మొత్తం మూడు మంగళవారాలు. నాలుగో వారం గుమ్మం దాటి టీ పెట్టుకున్నాను. మాత్రలు ఇంకో తొమ్మిది నెలలు వేసుకుని, డాక్టరు చెప్పాకే మెల్లగా మానేశాను. దేనివల్ల తగ్గిందని అడిగితే ఒక్కదాని పేరు చెప్పలేను. ఏడుపు రప్పించింది మాత్రం ఆ పిలుపే.

2022లో మళ్లీ సెప్టెంబర్ 19నే, డ్రిల్ అయిన ముప్పావుగంటకి, నేల ఊగింది. స్టవ్ ఆపి, చెప్పులేసుకుని కిందికి దిగాను. మూల మీది బేకరీ ముందు అప్పటికే లైన్ ఉంది. రెండు బొలీయోలు కొని, ఓనరమ్మకి ఒకటిచ్చి, రెండోది అక్కడే నిలబడి తినేశాను.