పేషెంటుకు మీరేమవుతారు?

జరిగి పదమూడు రోజులైంది, ఒళ్లు మంట ఇంకా తగ్గలేదు. కాబట్టి కొంచెం ఘాటుగా ఉంటే ఏమీ అనుకోకండి.

సామర్లకోట, పెద్దాపురం మధ్య ఏడీబీ రోడ్డు. స్కూలు వదిలాక స్కూటీ మీద ఇంటికొస్తున్నాను. ముందు వెళ్తున్న కుర్రాడి బైకు రోడ్డు అంచున పోసిన కంకర మీదకెక్కింది. అంతే, బండొకవైపు, వాడొకవైపు. హెల్మెట్ ఉండబట్టి తల దక్కింది గానీ, మోకాలి కింద కోసుకుపోయి రక్తం ధారగా కారుతోంది.

ఐదు నిమిషాల్లో పదిహేను మంది పోగయ్యారు. ఒకాయన నోట్లో నీళ్లు పోయబోతే వద్దన్నాను. ఇంకొకాయన హెల్మెట్ లాగబోతే, ఊపిరి బాగానే ఆడుతోంది కదా, మెడ కదపొద్దన్నాను. మా స్కూల్లో జూనియర్ రెడ్‌క్రాస్ చూసేది నేనే లెండి. ఏటా పిల్లలకి కట్లు కట్టడం నేర్పుతాను. ఇన్నేళ్లకి ఆ పాఠం నాకే అక్కరకొచ్చింది. చెరుకురసం బండాయన ఉతికిన తువ్వాలు ఇస్తే మడిచి గాయం మీద పెట్టి రెండు చేతులతో నొక్కిపట్టాను. రక్తం ఆగిందో లేదో అని మధ్యలో తీసి చూడకూడదు. తడిసిపోతే పైన ఇంకో గుడ్డ వేసి నొక్కడమే. ఈలోగా ఒక లారీ డ్రైవర్ తన బండిని మాకు వెనకగా అడ్డం పెట్టి, ఇండికేటర్లు వేసి, వేపకొమ్మ విరిచి రోడ్డు మీద పడేశాడు. ఆయన పేరైనా అడగలేదు నేను.

కుర్రాడు వణకడం మొదలుపెట్టాడు. "ఫిట్స్! చేతిలో తాళాలు పెట్టండి!" అని ఎవరో అరిచారు. రక్తం పోయి, భయపడి వణుకుతున్నాడు తప్ప అవి ఫిట్స్ కావు. ఫిట్సే అయినా ఇనుముతో పనేముంది? ఆ మాట నేననేలోపే నా స్కూటీకున్న తాళం పీకి వాడి గుప్పిట్లో కుక్కేశారు. నా రెండు చేతులూ తువ్వాలు మీదున్నాయి. ఈ తాళం సంగతి గుర్తుపెట్టుకోండి.

పద్దెనిమిది నిమిషాల్లో 108 వచ్చింది. ఫోన్ చేసింది చెరుకురసం ఆయన భార్య. పరిగెత్తుకెళ్లి కిలోమీటరు రాయి మీద అంకె చూసొచ్చి మరీ చెప్పింది. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన ఆ నంబరు ఇప్పుడు ఒకటో తరగతి పిల్లాడికీ తెలుసు. ఎక్కడున్నామో చెప్పడమే మనలో చాలామందికి రాదు.

దిగిన ఈఎంటీకి, అంటే అంబులెన్సులో అత్యవసర చికిత్స చేసే అమ్మాయికి, పాతికేళ్లుంటాయేమో. నన్ను పక్కకి నెట్టలేదు. "మీరలాగే నొక్కి ఉంచండి మేడం, నేను చెప్పినప్పుడు వదలండి" అంది. మెడకి కాలర్ వేసి, పైలట్‌తో (అంబులెన్సు డ్రైవర్‌ని అలా అంటారు) కలిసి బోర్డు మీదకి చేర్చి, కట్టు సిద్ధం చేసుకుని, అప్పుడు వదలమంది. "బాగా పట్టుకున్నారు" అంది. ఆ రోజు నాకు దక్కిన మర్యాద మొత్తం అదే. తోడు ఎవరైనా రండి అంటే ఆ పదిహేను మందీ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. స్కూటీని చెరుకురసం ఆయనకి అప్పగించి నేనే ఎక్కాను.

దగ్గర్లో సర్జన్ ఉన్న ఆసుపత్రి ఒక ప్రైవేటుది. పేరు రాయను. కుర్రాణ్ణి లోపలికి తీసుకెళ్లడంలో క్షణం ఆలస్యం చెయ్యలేదు, అది ఒప్పుకోవాలి. నా గ్రహచారం కౌంటర్ దగ్గర మొదలైంది.

"పేషెంటు పేరు?"

"నాని అని గొణిగాడండి." గోదావరి జిల్లాల్లో ఇంటికో నాని ఉంటాడు. వాడి ఫోనేమో పగిలి ఆగిపోయింది.

"పేషెంటుకు మీరేమవుతారు?"

"ఏమీ కాను. రోడ్డు మీద పడిపోతే తీసుకొచ్చాను."

"అలా కుదరదు మేడం. ఆ గడి ఖాళీగా ఉంటే సిస్టం ముందుకెళ్లదు." స్క్రీన్ నావైపు తిప్పి చూపించాడు. తండ్రి, తల్లి, భార్య, భర్త, అన్న, అక్క... చుట్టాలందరూ ఉన్నారు, దారినపోయేవాళ్లే లేరు. నన్ను ఎగాదిగా చూసి, "అమ్మ అని కొట్టమంటారా, అక్క అని కొట్టమంటారా?" అన్నాడు.

నాకు నలభై ఆరేళ్లు. అక్క అన్నాను. లోపల మనిషి రక్తం కారుతూ ఉంటే ఈ వాదనేమిటని సంతకం కూడా పెట్టేశాను. అక్కడే తప్పు చేశాను.

మరుక్షణం ప్రింటర్‌లోంచి ఇంకో కాగితం వచ్చింది. అడ్వాన్సు పదివేలు. ఆరోగ్యశ్రీ సంగతి తర్వాత చూద్దాం, ముందు ఇది కట్టండన్నారు. ఖాతాలో ఉన్న నాలుగు వేలూ ఫోన్‌పే చేశాను. ఇంటికెళ్దామని బ్యాగు వెతుక్కుంటే తాళం లేదు. అప్పుడు గుర్తొచ్చింది, అది తమ్ముడి గుప్పిట్లో ఉండిపోయిందని! నర్సు కవరు తెచ్చి చూపించింది. పగిలిన ఫోను, వాచీ, రెండు తాళాలు. వెంకన్నబాబు బొమ్మ రింగున్నది నాది. "ఇది పోలీసు కేసు కదండీ, కానిస్టేబుల్ గారు రాసుకోకుండా ఏదీ ఇవ్వం" అంది.

కానిస్టేబుల్ గారు ఎనిమిదిన్నరకి వచ్చారు. హాలు మధ్యలో, అందరి ముందూ కుర్చీ వేసుకుని కూర్చున్నారు. నేను నిలబడి ఉన్నాను. చీర మోకాళ్ల దాకా రక్తం, ఎండి అట్టకట్టింది.

"తమ్ముడి పేరు నాని అని ఊరుకున్నారేంటి? ఇంటిపేరు?"

"నేను అక్కని కాదండి."

"ఈ సంతకం మీదేనా?"

"నాదే."

"అక్క అని సంతకం పెట్టి అక్కని కాదంటారేంటి?"

కౌంటర్ అబ్బాయి కేసి చూశాను. తల వంచుకుని ఏదో టైపు చేస్తున్నాడు, మహా బిజీ.

"మీ బండి తాళం అతని చేతిలోకి ఎలా వచ్చింది?" అన్నారు. ఫిట్స్ అనుకుని ఎవరో పెట్టారన్నాను. "టీచరై ఉండి ఇలాంటివి నమ్ముతారా?" అన్నారు. పిల్లలకి ఇలాంటివి నమ్మొద్దని చెప్పేదాన్నే నేను! ఆ మాట నోట్లోంచి రాలేదు, గొంతు పూడుకుపోయింది. తర్వాత అసలు ప్రశ్న అడిగారు. "మీ స్కూటీ ఏమైనా తగిలిందా? రేపు స్టేషన్‌కి తీసుకురండి, గీతలున్నాయేమో చూడాలి. మీవారి నంబరు ఇవ్వండి." నా నంబరు ఇచ్చానుగా అంటే, "మీవారిది" అని మళ్లీ అడిగారు. పక్క బెంచీలో ఉన్నది పోయినేడాది నా దగ్గర చదివిన పిల్ల తల్లి. "ఈవిడే గుద్దిందంట" అని ఎవరో ఆవిడ చెవిలో చెప్పడం నాకు వినిపించింది. ఆవిడ నాకేసి చూడకుండా చీర కుచ్చిళ్లు సర్దుకుంది.

తొమ్మిదిన్నరకి కుర్రాడి తల్లి, మేనమామ వచ్చారు. చెరుకురసం ఆయనే బైకు నంబరు చెప్పి ఎలాగో వాకబు చేయించాడట. కౌంటర్లో "అక్కగారున్నారు" అంటే తల్లి బిత్తరపోయింది. "మాకు ఆడపిల్లే లేదండి." తర్వాత నా చీర చూసి, "మీ బండే తగిలిందా అమ్మా?" అని మెల్లగా అడిగింది. కానిస్టేబుల్ అడిగినప్పుడు కోపమే వచ్చింది గానీ, ఈవిడ అడిగేసరికి బాత్రూంలోకి వెళ్లి ఏడ్చాను.

పదింటికి కుర్రాడు తేరుకుని, కంకర మీద జారిపడ్డానని చెప్పాడు. తాళం ఇచ్చారు. రసీదులో "స్వీకరించినవారు: అక్క" అనే ఉంది. మార్చమంటే, "మళ్లీ మొదట్నుంచి రాయాలి మేడం" అన్నారు. సంతకం పెట్టాను.

ఇంటికొచ్చాక మా ఆడపడుచు కొడుకు, లాయరు, చెప్పాడు. 2019లో మోటారు వాహనాల చట్టానికి సవరణ చేసి 134ఏ సెక్షన్ చేర్చారట. సాయం చేసినవాళ్ల మీద సివిల్ కేసు గానీ క్రిమినల్ కేసు గానీ పెట్టకుండా రక్షణ ఉంది. పేరు, చిరునామా చెప్పమని బలవంతం చెయ్యకూడదు. మనమే ఇష్టపడి సాక్ష్యం ఇస్తామంటే, మనకి వీలైన చోటికి వాళ్లే రావాలి. ఈ హక్కుల బోర్డు ఆసుపత్రి గుమ్మం దగ్గర తెలుగులో కూడా ఉండాలి. మర్నాడు వెళ్లి చూశాను, పార్కింగ్ రేట్ల బోర్డు మాత్రం ఉంది. సుప్రీంకోర్టు 2016లో ఖాయం చేసిన మార్గదర్శకాల ప్రకారం సాయం చేసినవాళ్ల దగ్గర అడ్మిషన్ డబ్బులు అడగకూడదు, బంధువైతే తప్ప. ఆ ‘తప్ప’లోకి నన్ను తోసింది వాళ్ల గడి! కాబట్టి ఏం రాసినా రాయకపోయినా, చుట్టరికం మాత్రం కలుపుకోకండి. సిస్టం ముందుకెళ్లకపోతే డ్యూటీ డాక్టర్‌ని పిలవమనండి. కాగితం మీద "దారిన వెళ్తూ తీసుకొచ్చాను" అని మీ చేత్తో రాసి, దాన్ని ఫొటో తీసుకోండి.

రాహ్‌వీర్ అని కేంద్రం పథకం ఉంది. తీవ్రంగా గాయపడ్డవాళ్లని మొదటి గంటలో ఆసుపత్రికి చేరిస్తే 25,000 రూపాయలు ఇస్తారు. దరఖాస్తు పెట్టమని మావారు ఒకటే పోరు. దానికి పోలీసులు రాసిచ్చే లేఖ కావాలి. ఆ కుర్చీ ముందు మళ్లీ నిలబడాలా? నాకొద్దు.

నాలుగు వేలూ మూడో రోజే తిరిగొచ్చాయి. మేనమామ తాపేశ్వరం కాజాల డబ్బాతో సహా ఇంటికొచ్చి ఇచ్చి వెళ్లాడు. స్కూటీ స్టేషన్‌కి తీసుకెళ్లాను, ఎవరూ చూడలేదు. తువ్వాలు మాత్రం బాకీ ఉంది. కొత్తది కొనిస్తే చెరుకురసం ఆయన తీసుకోలేదు, గ్లాసు రసం తాగించి పంపాడు.

ఆసుపత్రి కంప్యూటర్లో మాత్రం నేనింకా అక్కనే. నిన్న మెసేజ్ వచ్చింది, మీ తమ్ముడి కట్టు మార్చాల్సిన తేదీ సోమవారమని. నానికి ఫోన్ చేసి చెప్పాను. "సరే అక్కా" అన్నాడు.